తెల్లవారుజామున టాపెట్లు

బండి రిపేరు అనగానే మనకు షెడ్డు గుర్తుకొస్తుంది. గోడకు వేలాడే స్పానర్లు, నల్లబడిన గుడ్డపీలికలు, పాత ఆయిల్ వాసన. ఇంట్లో మనం చేయగలిగింది మహా అయితే చెయిన్‌కు ఆయిల్ వేయడం, టైర్లలో గాలి చూసుకోవడం అనుకుంటాం. ఇంజిన్ మూత విప్పడం మన పని కాదని ముందే తీర్మానించేసుకుంటాం. చాలా పనుల విషయంలో ఆ తీర్మానం సరైనదే. క్లచ్ ప్లేట్లు మార్చాలన్నా, క్రాంక్ బేరింగులు వేయాలన్నా షెడ్డుకు పోవలసిందే. కానీ నెల్లూరు జిల్లా ఎండల్లో, మనుబోలు లాంటి ఊళ్లో ఒకే బండిని పది పన్నెండేళ్లు నడుపుకోవాలనుకునే మనిషికి, షెడ్డులో కంటే ఇంట్లోనే మెరుగ్గా సాగే ఇంజిన్ పని ఒకటుంది. వాల్వుల సందు కొలిచి చూసుకోవడం, అవసరమైతే సరిచేసుకోవడం. మన వాడుకలో టాపెట్ సెట్టింగ్. ఇంట్లోనే మెరుగు అని ఎందుకంటున్నానంటే, ఈ పని అన్నిటికంటే ముందు అడిగేది చేతినేర్పును కాదు, పూర్తిగా చల్లారిన ఇంజిన్‌ను. అది షెడ్డులో దొరకడం కష్టం. మీ వసారాలో తెల్లవారుజామున దానంతట అదే దొరుకుతుంది.

సందు అంటే ఏమిటో ముందు చూద్దాం. ఇంజిన్ హెడ్‌లో, మామూలు చిన్న బండ్లలో, రెండు వాల్వులుంటాయి. తలకిందులు చేసిన పుట్టగొడుగు లాంటి ఆకారం: పలకగా ఉండే తల, సన్నటి కాడ. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోపలికి రానిచ్చే ఇన్‌లెట్, రెండోది కాలిన పొగను సైలెన్సర్‌లోకి పంపే ఎగ్జాస్ట్. స్ప్రింగు వీటిని ఎప్పుడూ మూసి పట్టుకుంటుంది. క్యామ్ తిరిగినప్పుడు రాకర్ ఆర్మ్ అనే చిన్న మీట కాడ కొసను నొక్కి వాల్వును తెరుస్తుంది. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు ఆ మీటకూ కాడకూ మధ్య ఉండే ఖాళీయే సందు. మన రోడ్ల మీద తిరిగే 100, 125, 150 సీసీ బండ్లలో ఇది సాధారణంగా 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. జిరాక్సు కాగితం మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు. అంటే మన సందు ఒక కాగితం మందం, ఒక్కోసారి అందులో సగం. ఇంజిన్ నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు నిమిషానికి 2,000 సార్లు తెరుచుకుంటుంది. మనుబోలులో హైవే ఎక్కి అరగంటలో నెల్లూరు చేరారనుకోండి, ఆ అరగంటలో ఒక్కో వాల్వు 60,000 సార్లు తెరుచుకుని మూసుకుంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి మరో 60,000. ఇన్ని దెబ్బల కింద అరకాగితం మందం ఏళ్ల తరబడి మారకుండా ఉంటుందనుకోవడం అత్యాశ.

అసలు ఆ ఖాళీ ఎందుకు వదిలారు? వేడికి లోహం పెరుగుతుంది గనుక. ఎగ్జాస్ట్ వాల్వు తల పనిచేసేటప్పుడు 600, 700 డిగ్రీల వేడిలో ఉంటుంది. దాని కాడ ఆ వేడికి పొడవు పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే కాడ కొస మీటకు ఆనుకుని, వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోలేకపోతుంది. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. వాల్వు తలకు తగిలిన వేడిలో ఎక్కువ భాగం బయటికి పోయే దారి ఆ సీటే. మూసుకున్న ప్రతిసారీ సీటుకు ఆనుకుని తన వేడిని హెడ్‌కు ఇచ్చి, వాల్వు కాస్త చల్లబడుతుంది. సరిగా ఆనకపోతే వేడి పోదు, వేడి పోకపోతే కాడ ఇంకా పెరుగుతుంది, పెరిగితే ఇంకా ఆనదు. పైగా మూసుకోని ఆ సన్నటి అంచు గుండా మంట బయటికి తన్నుతుంది. కొన్నాళ్లకు వాల్వు అంచు తినేసినట్టు కాలిపోతుంది. కంప్రెషన్ పడిపోతుంది, కిక్కు తేలిగ్గా దిగుతుంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి బండి మొరాయిస్తుంది. సరైన సందు ఉంచితే ఖర్చు లేకుండా పోయే సమస్యకు అప్పుడు హెడ్ దించి వాల్వులు మార్చుకోవాలి.

సందు పెరిగినా మంచిది కాదు. మీట ఖాళీలో వేగం పుంజుకుని కాడను సుత్తితో కొట్టినట్టు కొడుతుంది, వాల్వు తెరుచుకోవలసినంత తెరుచుకోదు, శక్తి కాస్త తగ్గుతుంది. కానీ ఈ రెండు తప్పులూ సమానం కావు. పెరిగిన సందు టకటకమని చెబుతుంది. తగ్గిన సందు నోరు విప్పదు. మన అలవాటు మనల్ని దారి తప్పించేది ఇక్కడే. శబ్దం వస్తే జబ్బు, శబ్దం లేకపోతే ఆరోగ్యం అనుకుంటాం. "టాపెట్ సౌండ్ రాకుండా టైట్ చెయ్యన్నా" అని అడిగేది మనమే. అడిగినట్టు చేస్తే ఇంజిన్ మెత్తగా వినిపిస్తుంది, తృప్తిగా ఇంటికి వస్తాం. 0.1 ఉండవలసిన చోట 0.02 మిగిలిందో, అసలేమీ మిగల్లేదో చెవికి తెలియదు. దీనికి తోడు కాలం కూడా సందును రెండు వైపులా జరుపుతుంది. క్యామ్, రాకర్ అరిగితే సందు పెరుగుతుంది. వాల్వు తల, సీటు అరిగితే వాల్వు సీటులోకి దిగబడి కాడ కొస మీటకు దగ్గరవుతుంది, సందు తగ్గుతుంది. వెనకటి పెట్రోలులో సీసం ఉండేది. కాలినప్పుడు ఏర్పడే దాని సమ్మేళనాలు వాల్వుకూ సీటుకూ మధ్య పల్చటి పొరలా నిలిచి అరుగుదలను తగ్గించేవి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. గాలికీ పిల్లల ఆరోగ్యానికీ అది ఎంతో మేలు చేసిన నిర్ణయం. ఇంజిన్లు తయారు చేసేవాళ్లు గట్టి లోహపు సీట్లతో దానికి సర్దుకున్నారు. అయినా సీట్లు అరగడం ఆగలేదు, నెమ్మదించింది. గ్యాసుతో నడిచే ఆటోల్లో ఈ అరుగుదల ఇంకా త్వరగా జరుగుతుంది. పొడి ఇంధనం గనుక. అందుకే ఆటో నడిపేవాళ్లకు టాపెట్లు బిగుసుకుపోవడం అనే మాట బైకు నడిపేవాళ్ల కంటే బాగా తెలుసు.

అనుభవం ఉన్న చెవిని నమ్మకూడదా అని మీరు అడగవచ్చు. నమ్మవచ్చు, కొంతవరకు. మంచి మెకానిక్ చెవి టాపెట్ చప్పుడుకూ టైమింగ్ చెయిన్ చప్పుడుకూ తేడా పట్టగలదు, పిస్టన్ కొట్టుకోవడాన్ని విడిగా గుర్తించగలదు. మన చెవి ఆ మూడింటినీ కలిపి టాపెట్ సౌండ్ అనేస్తుంది. కానీ ఎంత మంచి చెవికైనా లేని శబ్దం వినపడదు కదా. ఇది మన రైతుకు కొత్త విషయం కాదు. వడ్లు ఎండాయో లేదో గింజను పంటి కింద కొరికి చెప్పగల పెద్దలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయినా ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా లేదా అన్నది మీటరే తేలుస్తుంది. పుట్టికి 850 కిలోల లెక్కన అమ్ముకునే నెల్లూరు రైతు ఆ ఒక్క అంకె మీద ఎంత డబ్బు పోతుందో ఎరిగినవాడు గనుక, పంటి తీర్పుతో ఆగడు, మీటరులో పోసి చూడమంటాడు. రొయ్యల చెరువు దగ్గరా అంతే. నీటిలో ప్రాణవాయువు తెల్లవారక ముందే బాగా తక్కువగా ఉంటుంది గనుక, పగలు నీరు ఎంత తేటగా కనిపించినా జాగ్రత్త గల రైతు ఆ వేళకే లేచి కొలుస్తాడు. కంటికీ చెవికీ అందని చోట కొలత కావాలనీ, ఆ కొలతకు ఒక వేళ ఉంటుందనీ ఈ ప్రాంతానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ తెలివిని చెరువుగట్టు నుంచి బండి దాకా తెచ్చుకోవడమే మిగిలింది.

ఇక ఆ వేళ సంగతి. హోండా సర్వీసు మాన్యువళ్లలో వాల్వు సందును ఇంజిన్ 35 డిగ్రీల లోపు ఉన్నప్పుడే చూడాలని రాసి ఉంటుంది. మిగతా కంపెనీలు కూడా చల్లటి ఇంజిన్ అనే అంటాయి. ఇప్పుడు మనుబోలును తలచుకోండి. మే నెలలో నెల్లూరు ప్రాంతంలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలు. వేడెక్కిన ఇంజిన్ దానంతట అది చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా కాలేదు గనుక, ఆ నెలల్లో పట్టపగలు నీడలో ఎన్ని గంటలు నిలబెట్టినా 35 డిగ్రీలకు దిగదు. పైగా షెడ్డుకు బండి నడుచుకుంటూ రాదు, నడుపుకుంటూ తీసుకుపోతాం. అది చేరేసరికే హెడ్ చెయ్యి పెట్టలేనంత వేడి మీద ఉంటుంది. వరసలో పది బండ్లున్న మెకానిక్ ఏ బండినీ నాలుగైదు గంటలు ఊరికే నిలబెట్టలేడు. ఆయన నేర్పును తక్కువ చేయడం లేదు, ఆయన పని ఎలాంటిదో చెబుతున్నాను. రాత్రి ఎనిమిదికి ఇంటికి తెచ్చి నిలబెట్టిన బండి మాత్రం తెల్లవారి ఐదున్నరకు, మే నెలలో కూడా, 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నిన్నటి వేడి జాడ కూడా ఉండదు.

ఐదు డిగ్రీల తేడాకు ఇంత పట్టింపా అంటారేమో. నిజమే, 35కూ 40కీ మధ్య తేడా సందులో దాదాపు కనపడదు. 38 డిగ్రీల ఇంజిన్ మీద కొలిచినంత మాత్రాన కొంప మునగదు. కానీ షెడ్డుకు వచ్చిన బండి 40 దగ్గర ఉండదు, 90, 100 దగ్గర ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. ఒక్కో డిగ్రీకి మీటరు పొడవు అల్యూమినియం 0.023 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఉక్కు 0.012, అందులో ఇంచుమించు సగం. హెడ్ అల్యూమినియం, వాల్వు ఉక్కు. 60 మిల్లీమీటర్ల పొడవు, 60 డిగ్రీల తేడా తీసుకుంటే అల్యూమినియం 0.083 మిల్లీమీటర్లు, ఉక్కు 0.043 పెరుగుతాయి. రెండింటి మధ్య తేడా 0.04. మనం కొలవబోయే సందే 0.05 నుంచి మొదలవుతుందని గుర్తుంచుకోండి. కొలత ఎంతో, తప్పు దాదాపు అంత. ఇంకో చిక్కు ఏమిటంటే ఈ తప్పు ఒకే వైపు ఉండదు. హెడ్ పెరగడం వల్ల సందు పెద్దదిగా కనిపించవచ్చు. అప్పుడే ఆగిన ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ కాడ హెడ్ కంటే ఎక్కువ వేడిగా ఉంటే చిన్నదిగానూ కనిపించవచ్చు. ఎటు ఎంత పోయిందో తెలియని కొలతను సరిదిద్దే మార్గం లేదు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లలో అల్యూమినియం పుష్‌రాడ్లు ఉండేవి. వాటిని చల్లటి ఇంజిన్ మీద, రాడ్డు వేళ్లతో తిప్పితే తిరిగేలా, పైకీ కిందికీ మాత్రం ఆడకుండా పెట్టమనేవారు. వేడెక్కాక సందు దానంతట అది ఏర్పడుతుందని వాటిని తయారు చేసినవాళ్లకు తెలుసు గనుక. ఏ ఇంజిన్‌కైనా అంకె రాసేటప్పుడే చల్లటి స్థితిని లెక్కలోకి తీసుకుని రాస్తారు. అదే అంకెను వేడి ఇంజిన్ మీద పెడితే అది ఆ అంకె కాకుండా పోతుంది.

కావలసిన సామాను కొంచెమే. ఫీలర్ గేజ్ ఒకటి, అంటే మందం చెక్కిన పల్చటి ఉక్కు రేకుల గుత్తి. రెండు మూడు వందల్లో వస్తుంది. కొనేటప్పుడు 0.05 రేకు ఉందో లేదో చూసి తీసుకోండి, కార్ల కోసం చేసిన గుత్తుల్లో కొన్ని అంత సన్నం నుంచి మొదలు కావు. టాపెట్ మూతలకూ లాక్ నట్లకూ సరిపోయే రింగ్ స్పానర్లు, ప్లగ్ స్పానర్, అడ్జస్టర్ తల పట్టుకునే చిన్న టాపెట్ కీ, శుభ్రమైన నూలు గుడ్డ. వీటికంటే ముఖ్యమైనది బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్. మీ బండి అంకె అందులోనే ఉంటుంది. పక్కింటివాళ్ల బండి అంకె మీకు పనికిరాదు, ఒకే కంపెనీ బండి అయినా సరే. ఇన్‌లెట్‌కూ ఎగ్జాస్ట్‌కూ వేర్వేరు అంకెలుంటే ఎగ్జాస్ట్‌దే పెద్దదిగా ఉంటుంది. ఎందుకో పైన చెప్పిన వేడి లెక్కలోనే ఉంది.

బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టండి. ఏ మూతా విప్పక ముందు హెడ్ చుట్టూ, ప్లగ్ చుట్టూ తడిగుడ్డతో తుడవండి. హైవే లారీల దుమ్ము, ముత్తుకూరు, కృష్ణపట్నం వైపు తిరిగే బండ్లకైతే ఉప్పుగాలి తెచ్చిన తెల్లటి పొడి, మూతల అంచుల్లో పేరుకుని ఉంటాయి. మూత తీయగానే అవి లోపలికి రాలితే మనం చేసిన మేలు కంటే కీడే ఎక్కువ. ప్లగ్ తీసేస్తే కంప్రెషన్ అడ్డు లేకుండా ఇంజిన్ చేత్తో సులువుగా తిరుగుతుంది. స్ప్లెండర్ లాంటి బండ్లలో సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది గనుక పైమూత కింద ఇన్‌లెట్, అడుగుమూత కింద సైలెన్సర్ గొట్టం దగ్గర ఎగ్జాస్ట్ ఉంటాయి. ఎడమవైపు మాగ్నెట్ కవర్ మీద రెండు మూతలుంటాయి. ఒకదాంట్లోంచి క్రాంక్‌ను టీ-స్పానర్‌తో తిప్పుతాం, రెండోదాంట్లోంచి మార్కు చూస్తాం. హీరో, హోండా చిన్న బండ్లలో ఎడమవైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. స్పానర్‌తో తిప్పడానికి చెయ్యి రాకపోతే బండిని టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని ముందుకు నెమ్మదిగా తిప్పినా అదే పని జరుగుతుంది. లోపల తిరిగే చక్రం మీద టి అనే గీత కవర్ మీది గాటుకు ఎదురుగా రావాలి. దానికి దగ్గర్లోనే ఎఫ్ గీత ఉంటుంది, అది ప్లగ్ రవ్వ వేసే చోటు. మొదటిసారి చేసేవాళ్లు పొరపడేది ఎక్కువగా ఇక్కడే. టి కుదిరాక రెండు రాకర్లనూ వేలితో ఆడించి చూడండి. రెండూ కొద్దిగా ఆడితే సరైన చోట ఉన్నారు. ఏదో ఒకటి బిగుసుకుని ఉంటే, పిస్టన్ పైనే ఉన్నా అది కంప్రెషన్ కాదు. క్రాంక్‌ను ఇంకొక్క పూర్తి చుట్టు తిప్పి మళ్లీ టి కుదర్చండి. ఈ పరీక్ష చేయకుండా సెట్ చేస్తే, తెరుచుకునే దశలో ఉన్న వాల్వుకు సందు పెట్టినట్టవుతుంది. ఈ పని మొత్తంలో అన్నిటికంటే పెద్ద తప్పు అదే.

ఇప్పుడు మాన్యువల్ చెప్పిన మందం రేకును అడ్జస్టర్ కొసకూ కాడకూ మధ్య దూర్చండి. పుస్తకంలో పెట్టిన కాగితాన్ని లాగినప్పుడు తగిలేంత మెత్తటి పట్టు తగలాలి. అసలు దూరకపోతే సందు తక్కువ. ఆ రేకు ఊరికే జారిపోయి దాని పై మందం రేకు కూడా దూరితే సందు ఎక్కువ. పట్టు సరిగా ఉంటే ఆగండి. స్పానర్ తీయకండి. ఇంత దూరం వచ్చాం కదా అని ఒకసారి విప్పి బిగిద్దామనిపిస్తుంది, ఆ కోరికను అణచుకోవాలి. చూడడం వేరు, మార్చడం వేరు. చాలాసార్లు చూడడంతోనే పని ముగుస్తుంది, దాన్ని వృథా శ్రమ అనుకోకూడదు. సందు తప్పితే లాక్ నట్టు వదులు చేసి, రేకును మధ్యలో ఉంచే, అడ్జస్టర్‌ను కీతో కొద్దికొద్దిగా తిప్పండి. పట్టు కుదిరాక కీని కదలనివ్వకుండా నట్టు బిగించండి. బిగించేటప్పుడు అడ్జస్టర్ వెంట్రుకవాసి తిరిగి సందు మారడం ప్రతివాళ్లకూ జరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. మారితే మళ్లీ మొదటినుంచి. అది సన్నటి మర, బలం చూపిస్తే తెగుతుంది. వదులుగా వదిలేస్తే నడిచేటప్పుడు ఊడుతుంది. రెండు వాల్వులూ అయ్యాక క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి, టి కుదిర్చి, ఆఖరిసారి కొలవండి. మూతల ఓరింగులకు కాస్త ఆయిల్ రాసి, మొదట వేళ్లతోనే తిప్పి మర సరిగా ఎక్కిందని తెలిశాకే స్పానర్ వేయండి. అల్యూమినియంలో అడ్డంగా ఎక్కిన మర మళ్లీ దారికి రాదు.

రేకు కూడా ఒకచోట అబద్ధం చెబుతుంది, అదీ తెలిసి ఉండాలి. బాగా తిరిగిన బండ్లలో అడ్జస్టర్ కొస మీద చిన్న గుంట పడుతుంది. రేకు ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది. రేకు ప్రకారం 0.08 ఉన్నా లోపల నిజమైన సందు అంతకంటే ఎక్కువ. సరిగా సెట్ చేసినా చప్పుడు పోని బండ్లలో వెతకవలసిన మొదటి కారణం ఇదే. దానికి మందు కొత్త అడ్జస్టర్ గానీ ఇంకా బిగించడం కాదు.

కొలత కంటే విలువైనది కొలతల వరస. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, మీటరు మీది కిలోమీటర్లు, ఇన్‌లెట్ ఎంత ఉంది, ఎగ్జాస్ట్ ఎంత ఉంది, మార్చి ఎంత పెట్టారు. అంతే. మనుబోలు నుంచి రోజూ నెల్లూరు పోయి వచ్చేవాళ్లకు రోజుకు 40 కిలోమీటర్ల పైనే అవుతుంది. ఏడాదిలో 300 రోజులు తిరిగినా 12,000 దాటుతుంది. మాన్యువల్ పట్టిక ప్రకారం చూసుకుంటూ పోతే రెండేళ్లలో ఆ పుస్తకంలో ఒక కథ కనిపిస్తుంది. ఎగ్జాస్ట్ సందు ప్రతిసారీ కొద్దిగా తగ్గుతూ వస్తే వాల్వు సీటులోకి దిగబడుతోందని అర్థం, ఎన్ని వేల కిలోమీటర్లకు ఎంత దిగుతోందో కూడా తెలుస్తుంది. తగ్గుదల ఉన్నట్టుండి వేగం పుంజుకుంటే హెడ్ పనికి సమయం దగ్గరపడిందని, నడిరోడ్డు మీద ఆగకముందే, మీకు తెలుస్తుంది. అప్పుడు షెడ్డుకు పోండి. చేతిలో ఆ పుస్తకం ఉంటే మెకానిక్‌తో మీరు మాట్లాడే తీరే మారుతుంది. ఏదో సౌండ్ వస్తోందన్నా అనే బదులు, ఎగ్జాస్ట్ ఆరు నెలల్లో 0.04 తగ్గిందన్నా అంటారు. పని తెలిసిన మెకానిక్ ఆ మాటకు విలువ ఇస్తాడు. ఆయన రోగం వెతుక్కునే సమయం మిగులుతుంది, మీకు డబ్బు మిగులుతుంది.

అన్ని బండ్లకూ ఈ పద్ధతి వర్తించదని స్పష్టంగా చెప్పాలి. 2009లో వచ్చిన క్లాసిక్ 350లో హైడ్రాలిక్ టాపెట్లుంటాయి. ఆయిల్ ఒత్తిడే సందును చూసుకుంటుంది, మనం పెట్టేది ఏమీ లేదు. 2021లో కొత్త ఇంజిన్‌తో వచ్చిన క్లాసిక్‌లో ఆ హైడ్రాలిక్ ఏర్పాటు లేదు గనుక పేరు ఒకటే కదా అని పాత లెక్క పట్టుకోకూడదు. కేటీఎం డ్యూక్ 390 లాంటి ఇంజిన్లలో స్క్రూ బదులు మందం లెక్కతో మార్చే చిన్న షిమ్ బిళ్లలుంటాయి. వాటిని మార్చడం ఇంకా పెద్ద పని. అది ఇంటి పని కాదు. ఇక వారంటీ ఉన్న కొత్త బండి. ఫ్రీ సర్వీసులు అయ్యేదాకా దాన్ని సర్వీసు సెంటర్‌కే వదలండి. కాకపోతే ముందురోజు రాత్రే బండి అక్కడ పెట్టి, పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయకముందు టాపెట్లు చూడమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఒక అభ్యంతరం మిగిలింది, అన్నిటికంటే బలమైనది అదే. మొదటిసారి చేసేవాడు తప్పు చేయడా? చేస్తాడు. ఎఫ్‌ను టి అనుకుంటాడు, నట్టు ఎక్కువ బిగిస్తాడు, ఓరింగు నలిపేస్తాడు. కానీ ఈ పనిలో చాలా తప్పులు ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పట్టుబడేలా ఉంటాయి. అందుకే రెండు చుట్లు తిప్పి ఆఖరిసారి కొలవమన్నాను. ఆ కొలత సరిపోతే మీరు చేసింది సరైనదే, మీరు కొత్తవారా పాతవారా అన్నది ఇంజిన్‌కు తెలియదు. సరిపోకపోతే మళ్లీ చేసే సమయం మీకుంది. వెనక వరసలో పది బండ్లు లేవు. ఇంటి పని బలం ఇదే. మొదటిసారి రెండు గంటలు పట్టనివ్వండి. ఎండ ఎక్కేలోపు కుదరకపోతే మూతలు పెట్టి, ఆ రోజుకు బస్సెక్కి పోయి, మర్నాడు తెల్లవారి మళ్లీ కూర్చోండి. సగం చేసిన బండిని స్టార్ట్ మాత్రం చేయకండి. భయంగా ఉంటే మొదటిసారి కొలిచి, అంకెలు రాసుకుని, ఏమీ మార్చకుండా మూసేయండి. ఆ రెండు అంకెలు రాసుకున్న రోజుకు మీ ఇంజిన్ గురించి మీకు తెలిసింది, అప్పటిదాకా దాన్ని నడిపిన ఎవరికీ తెలియనిది.

ఈ రాత్రి బండిని మెయిన్ స్టాండు వేసి, మాన్యువల్ తీసి మీ బండి అంకెలు ఒక కాగితం మీద రాసి ట్యాంకుకు అంటించి పడుకోండి. పొద్దున్నే పాలకో, పేపరుకో ఎవరైనా తాళం చెవి అడిగితే ఇవ్వకండి.